తర్వాత బంతి

మా మేనత్త చంద్రకాంతమ్మ పేరు చెబితే తిరుపతిలో పాతవాళ్ళు ఇప్పటికీ ఆమె చేతి రసం గురించి మాట్లాడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. రసం ఎవరైనా పెడతారు. ఒక పగని పద్దెనిమిదేళ్ళు చల్లారకుండా చూసుకోవడం ఎంతమంది వల్ల అవుతుంది? మా అత్త వల్ల అయింది. అది పక్కనుండి చూసినవాణ్ణి నేను. ఆమె హోటల్లో వడ్డన వ్యవహారమంతా నా చేతిమీదే నడిచేది.

ఆ హోటలు గురించి ముందు చెప్పాలి. చంద్రగిరి రోడ్డులో, కోట చూడటానికీ వేటకీ వచ్చే తెల్లదొరల కోసం ఎప్పుడో కట్టిన మేడ అది. దాని పేరు క్లారెన్సు హోటలు. ఆ పేరు మనవాళ్ళ నోట్లో నలిగి నలిగి కలరా హోటలయింది. దొరల రాక తగ్గి హోటలు మూతపడ్డాక, మేడ మద్రాసులో ఉండే ఒక ఆసామి చేతికి వచ్చింది. దొరలు నాట్యమాడిన పెద్ద హాలు పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేవాడు. ఊళ్ళో కాస్త డబ్బున్నవాళ్ళు ఎవరైనా ఆ చెక్కనేల మీదే ఆకులు వేయించి అన్నాలు పెట్టించాలని తహతహలాడేవాళ్ళు.

మా మామ మునస్వామి వేరుశనగ మండీలో తూకం వేసే మనిషి. మండీ పరంధామయ్యది. ఆయన తన చెల్లెలి పెళ్ళి ఆ హాల్లోనే చేశాడు. మామని ఇంటికొచ్చి మరీ పిలిచాడు. మామ పొంగిపోయి, ఉతికిన పంచె కట్టి, అత్తని వెంటబెట్టుకుని వెళ్ళాడు. మగవాళ్ళ బంతి ఒక గోడ పక్కన, ఆడవాళ్ళ బంతి ఎదుటి గోడ పక్కన. ఇద్దరూ మొదటి బంతిలోనే కూర్చున్నారు.

మా వైపు విందుల్లో అన్నీ వడ్డించాక బంతిలో పెద్దవాడు ఒకాయన గట్టిగా గోవింద పలుకుతాడు. అందరూ అందుకుంటారు. అది పలికేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. పలికాక, శత్రువునైనా సరే, ఆకు ముందు నుంచి లేపరు. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు. అయినా చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజు గోవింద పలికారు. మామ అన్నంలో పప్పు కలిపాడు. అప్పుడే మగపెళ్ళివారి తరఫున ఎవరో తాలూకా కచ్చేరీ అధికారి ఆలస్యంగా వచ్చాడు. బంతిలో చోటు లేదు. పరంధామయ్య ఆ బంతంతా ఒకసారి చూసి, తిన్నగా మామ దగ్గరకొచ్చాడు.

"చెయ్యి కడుక్కోప్పా. నీకేం, తర్వాత బంతిలో తిందువు" అన్నాడు.

మామ లేచాడు. కలిపిన అన్నం ఆకులోనే ఉంది. ఆ ఆకు తీసేసి ఆ చోట కొత్త ఆకు వేశారు. మామ పెరట్లోకి పోయి చెయ్యి కడుక్కుని, తర్వాత బంతికి ఆగకుండా నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు.

అంతటితో పోయినా బాగుండేది. బజారు ఊరుకోలేదు. లేపుడు మునస్వామి అని పేరు పెట్టారు. తూకం దగ్గర రైతులు కూడా ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. మామ మండీ మానేశాడు. ఆ తర్వాత ఎవరింటి బంతిలోనూ కూర్చోలేదు. మా అక్క పెళ్ళిలో వంటింటి గోడకి ఆనుకుని నిలబడి, దొప్పలో పెట్టుకుని తిన్నాడు. మేమెంత బతిమాలినా వినలేదు. యుద్ధం నడుస్తున్న రోజుల్లో జ్వరం తగిలి పోయాడు. కర్మకాండ అయిన రోజు అత్త నన్ను పిలిచి, "అబ్బయ్యా, వాణ్ణి నేను ఆ హాల్లోనే, ఆకు ముందర నుంచే లేపతా. గోవింద పలికినాక లేపతా" అంది. ఏడుస్తూ అన్న మాట కాదు. బియ్యం ఏరుతూ అంది.

క్షమించమని చెప్పేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. వాళ్ళనెవరూ కలిపిన ముద్ద ముందు నుంచి లేపలేదు కాబట్టి చెప్పగలిగారు.

యుద్ధంలో ఆ మేడని పటాలం వాళ్ళు తీసుకున్నారు. వాళ్ళు ఖాళీ చేసి పోయాక చూస్తే కిటికీలు లేవు, చెక్కనేలకి చెదలు. ఎవరూ దాని ముఖం చూడలేదు. రైలు స్టేషను దగ్గర పూటకూళ్ళ ఇల్లు నడుపుకుంటున్న అత్త పోయి దాన్ని అద్దెకి తీసుకుంది. పిచ్చెక్కిందన్నారు. ఆమె కింద హోటలు పెట్టింది, హాలు బాగు చేయించింది, గుమ్మం మీద మునస్వామి విలాస్ అని బోర్డు కట్టించింది. మా ప్రాంతంలో ముని అనే మాట లేని పేరు వెతికితే గానీ దొరకదు కాబట్టి ఆ బోర్డు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె చేసినదంతా ఎర వేయడమే. బియ్యానికి కంట్రోలు ఉన్న రోజులవి. విందుకి ఇంతమందే రావాలని సర్కారు ఆంక్ష. ఆ కొద్దిమందికే ఆమె పెట్టే భోజనం ఊరంతా చెప్పుకునేలా చేసింది. సీమంతాలు, బారసాలలు, ఉపనయనాలు అన్నీ అక్కడికే వచ్చేవి. ఏ విందుకీ ఆమె ముఖంలో సంతోషం చూడలేదు నేను. అందరూ వెళ్ళిపోయాక హాలు మధ్యలో నిలబడి, "ఇంకా రాలేదే" అనుకునేది. కలరా హోటల్లో చేయని వేడుక వేడుకే కాదనే దాకా తెచ్చింది. పరంధామయ్య లాంటి మనిషి అలాంటి పేరు వదులుకుంటాడా?

వచ్చాడు. తన షష్టిపూర్తికి హాలు మాట్లాడుకోవడానికి. అప్పటికి మనిషి బాగా లావెక్కాడు, కర్ర పట్టుకున్నాడు. అత్తని గుర్తుపట్టలేదు.

"మొదటి బంతిలో ఊరి పెద్దోళ్ళంతా ఉంటారమ్మా. యాడా మాట రాకూడదు" అన్నాడు.

"రాదు సామీ. మీరు కూడా మొదటి బంతిలోనే కూర్చోవాల. దంపతులు ఇద్దరూ పక్కపక్కన" అంది అత్త.

ఆయన ముచ్చటపడ్డాడు.

ఆ రోజు అత్త స్వయంగా బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చింది. ఎంతో శ్రద్ధగా చేసింది. పాడు వంట ముందు నుంచి లేపితే అది లేపడం ఎట్లవుతుందిరా అని నాతో అంది. ఆకులు పడ్డాయి. పప్పు, కూటు, పులిహోర, వడ, ఓళిగ, అన్నీ వడ్డించాం. పరంధామయ్య పట్టుపంచెలో, ఆయన పక్కన భార్య శకుంతలమ్మ. వకీలు పెంచలయ్య గోవింద పలికాడు. హాలంతా అందుకుంది. పరంధామయ్య అన్నంలో పప్పు కలిపి, నెయ్యికి చెయ్యి పట్టాడు. నేను వడ్డన ఆపి చూస్తున్నాను. భయం కాదు, సంబరం.

అత్త ఒట్టి చేతులతో వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"చెయ్యి కడుక్కోప్పా. నీకేం, తర్వాత బంతిలో తిందువు."

ఎవరికీ అర్థం కాలేదు. పరాచకమేమో అనుకుని ఒకరిద్దరు నవ్వారు.

"ఎవరొచ్చినారమ్మా?" అన్నాడు ఆయన.

"మునస్వామి వచ్చినాడు. నీ మండీలో తూకమేసే మునస్వామి. పద్దెనిమిదేండ్లుగా ఆయన బంతి మిగిలిపోయి ఉండాది. ఆ సోటు ఇయ్యి."

ఆయన చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. గుర్తొచ్చింది. ఆ సంగతి ముఖంలోనే కనిపించింది. గుర్తు రాకపోతే ఏం చేద్దామా అని నేను రాత్రుళ్ళు బెంగపడ్డాను, ఆ బెంగ తీరింది. కొడుకులు ఇద్దరూ అరుస్తూ మీదికి వచ్చారు. ఆయన వద్దన్నట్టు ఎడమ చెయ్యి ఎత్తాడు. కర్ర ఊతంగా పట్టుకుని, కలిపిన అన్నం ఆకులో వదిలి, లేచి పెరటివైపు నడిచాడు. మామ నడిచిన దారే అది. నాకు కడుపు నిండిపోయింది.

అప్పుడు శకుంతలమ్మ కూడా ఆకు వదిలి లేచింది. ఆమె వెనక కొడుకులు, కోడళ్ళు. వకీలు పెంచలయ్య. ఒకరి తర్వాత ఒకరు బంతంతా లేచింది. ఎవరూ ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోలేదు. అది నేను అనుకోనిది. అత్త కూడా అనుకోలేదనిపించింది, నోరు కొంచెం తెరుచుకుని చూస్తోంది.

అందరూ పోయాక శకుంతలమ్మ వెనక్కి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆయన సేసింది పాపమే. నేను కాదనను. కానీ ఆ పొద్దు నేను కడుపుతో ఉంటి, ముందు బంతిలో కూసోబెట్టినారు. నీ పక్క ఆకే నాది. నీ మొగుణ్ణి లేపతా ఉంటే నా చెయ్యి ఆడలేదు. నువ్వు లేస్తే నేనూ లేద్దామని నీ వైపే సూస్తా ఉంటి. నువ్వు ఓళిగ మీదికి నెయ్యి పోయించుకుంటివి."

అత్త వంగి దగ్గరున్న ఆకు మడవబోయి ఆగింది.

"నాకు ఆకలిగా ఉణ్ణింది, శకుంతలమ్మా. ముందురోజు నుంచీ ఇంట్లో పొయ్యి రాజలేదు" అంది.

"మీ ఆయనకూ ఆకలిగానే ఉణ్ణింటుంది" అని చెప్పి ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

హాలు పొడవునా నిండు ఆకులు అలాగే ఉన్నాయి. ఎత్తమంటావా అత్తా అని అడిగాను. ఆమె ఆడవాళ్ళ బంతి వేసే గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. మామని లేపిన సంగతి ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఎదుటి గోడ పక్కన తాను తింటూనే ఉన్నానని ఒక్కసారీ చెప్పలేదు.