గుమ్మం పైన ఈతాకు సిలువ

దబీర్‌పురా రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి పెద్దమ్మ బయటికి వెళ్లేటప్పుడల్లా మునివేళ్ల మీద లేచి, గుమ్మం పైన దోపిన ఈతాకు సిలువను తాకేది. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఆమె కొడుకు అల్లిన సిలువ అది. ఆ ఈస్టర్ రాకముందే వాడు జ్వరంతో పోయాడు.

ఆ ఆదివారం గుడిలో పంచిన ఈత మట్టలను మరుసటి ఏడు గుడికి తిరిగి ఇవ్వాలి. వాటిని కాల్చిన బూడిదతోనే బూడిద బుధవారం ఫాదర్ అందరి నుదుటా సిలువ గీస్తారు. ఆమె మాత్రం ఇవ్వకుండా దాచుకుంది. ఒక ఏడు ఆమె ఇంట్లో లేనప్పుడు, ఆమె భర్త, మా పెద్దబాపు, ఆనవాయితీ ప్రకారం మిగతా ఆకులతో పాటు దాన్నీ ఇచ్చేశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. ఆమె గుడికి పరుగెత్తేసరికి బూడిదే మిగిలింది.

బుధవారం పూజ అయ్యాక ఆమె మెట్ల దగ్గర నిలబడి, బయటికొచ్చే ప్రతి ఒక్కరి నుదుటినీ చూస్తూ ఉండిపోయింది. ఇంటికి పోదాం రమ్మన్నాను.

"జర ఆగు బిడ్డా. నా కొడుకు అల్లింది గిందరిల ఎవరి నొసట ఉన్నదో."