అడకత్తెరతో కోసిన తాండ్ర

మొన్న బజారులో మామిడి తాండ్ర వాసన తగిలితే నాకు నోరూరలేదు, పాత కోపమే గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బంగారుపాళ్యంలో మా మిద్దె మీద అవ్వ చాప పరిచి, రోజుకొక పొర మామిడి రసం పోసి తాండ్ర ఎండబెట్టేది. ఒక మధ్యాహ్నం దాని మూల అరచేతంత మాయమైంది.

"ఇంట్లో ఇంకెవురు తింటారు?" అని అమ్మ నన్నే పట్టుకుంది. కాదని ఎంత ఏడ్చినా నమ్మలేదు.

అవ్వ, పక్కింటి రాజమ్మవ్వ విచారణకు దిగారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. నా నాలుక చూశారు, వేళ్లు వాసన చూశారు. తర్వాత మిద్దెక్కి తాండ్ర మీదికి వంగారు.

"పిల్లోళ్లయితే పీకుతారు గదక్కా. ఇంత నున్నగా కోస్తారా?" అంది రాజమ్మవ్వ.

"అడకత్తెరతో కోసినట్టుండాది మే," అంది అవ్వ.

ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నన్ను చూసే అనుకున్నాను.

సాయంత్రం అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి పెద్ద తాండ్ర ముక్క చేతిలో పెట్టింది. "తిను మే."

మళ్లీ నాలుక చూస్తారని భయపడి అక్కడే పెట్టేసి వచ్చాను.

ఇంట్లో వక్కలు కత్తిరించే ఆ అడకత్తెర పట్టేది తాత ఒక్కడే. ఆయనకు చక్కెర జబ్బు. నాయనకు తెలిస్తే అరుస్తాడని అవ్వ ఆ సంగతి దాచిందట. నాకు పెళ్లయ్యాక చెప్పింది. ఆ ముక్క నాకిచ్చిన పరిహారమని అప్పుడు అర్థమైంది.

అయినా, అమ్మ ముందు "అది తినలేదులే" అని అవ్వ ఒక్క మాట అనుండొచ్చు గదా.