సైరన్ గుంపు

నాలుగేళ్ళుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడుపడదు, బయటికి రాదు. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు, వీడి నోట్లో మాట ఆగడమేమిటని. ఆగింది. దీన్ని ఇంతకుముందు రెండుసార్లు రాశాను కూడా. రాసి, 'రాసినవారికి మాత్రమే' అన్నచోట టిక్ పెట్టి దాచుకున్నాను. నా తప్పు మొదలైంది కూడా అలాంటి ఒక టిక్కుతోనే. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నాది కరీంనగర్‌లో చిన్న ఇంటర్నెట్ సెంటర్. ఏడో తరగతిలోనే బడి మానేశాను. నేను మానేశాక బడి బాగుపడిందని మా సారు చెప్పుకునేవాడు. మా బాపు బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. ఆ గని మూతపడి అందరూ తలో దిక్కూ పోయాక, మళ్ళీ ఒకచోట మాట్లాడుకోవడానికి ఒక వెబ్‌సైటు పెట్టుకున్నారు. దాని తాళంచెవి నా చేతికిచ్చారు.

తాళంచెవి అంటే ఎవరు ఏది చూడాలో, ఎవరు ఏది రాయాలో తేల్చే పని. సినిమా హాలు లెక్కే అనుకోండి. బయటివాళ్ళు పోస్టరు చూసి పోతారు. సభ్యులు లోపలికొచ్చి చూస్తారు, రాస్తారు. పెద్దమనుషులు ఇతరులు రాసింది తీసేయగలరు. ఒక్కొక్కరికీ విడిగా అనుమతులు ఇవ్వనక్కరలేదు. మనిషిని తీసి ఒక గుంపులో వేస్తే చాలు, ఆ గుంపుకు ఏది ఉంటే అది ఉంటుంది, ఏది లేకపోతే అది ఉండదు. ఇంతమంది పెద్దవాళ్ళను ఇటు తీసి అటు వేయడం! బడిలో నన్ను వెనక బెంచీకి పంపిన ప్రతివాడూ గుర్తొచ్చేవాడు. గర్వం రాలేదంటే అబద్ధం.

ఆ సభ్యుల్లో ఖాజా చాచా ఒకడు. బాయిలోకి దిగేవాళ్ళకు నెత్తిమీద పెట్టుకునే ల్యాంపులు ఇచ్చే గదిలో పనిచేసేవాడు. మనుషులను పేర్లతో కాదు, ల్యాంపు నంబర్లతో పిలిచేవాడు. మా బాపు నాలుగు వందల పన్నెండు. షిఫ్టు అయ్యాక ఒక్క ల్యాంపు వాపసు రాకపోయినా ఆయన ఇంటికి కదిలేవాడు కాదట. ల్యాంపు రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

ఆదిలాబాద్‌లో కూతురి దగ్గర ఉంటూ, చాచా రోజూ కోడి కంటే ముందు సైటులో గులాబీ పువ్వు పెట్టేవాడు. వెనకాలే ఒక సూక్తి. దాని వెనకాల ఇంకో గులాబీ. బాయి షిఫ్టు సైరన్ మోగిందని ఒకరిద్దరు విసుక్కున్నారు. నాకు తమాషా తోచింది. 'సైరన్ గుంపు' అని కొత్తది ఒకటి చేశాను. అందులో ఉన్నవాళ్ళు రాసింది వాళ్ళకు మాత్రమే కనిపిస్తుంది. అందరూ చూస్తున్నారనే అనుకుంటారు. చాచాను అందులో వేశాను. ఒక్క వారం. తర్వాత చెప్పి కడుపుబ్బ నవ్విద్దామని. నిజంగా అంతే అనుకున్నాను.

ఆ వారంలోనే పత్తి అమ్ముకునే రైతులు ఆన్‌లైన్ కాగితాల కోసం షాపు ముందు బారులు తీరారు. మరిచిపోయాను. మరుపు తప్పా? కాదనే నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ రెండు నెలలకు బాపు "ఖాజాగాడు సప్పుడు జేస్తలేడేందిరా" అని అడిగాడు. నేను ఫోన్లోంచి తల ఎత్తకుండానే "పెద్దోడైండు బాపూ, మనతోని మాట్లాడుతడా ఇగ" అన్నాను. ఆ జోకు బాపు మనసులో నాటుకుపోయింది. ఇది మరుపు కాదు.

ఒకరోజు చాచా కళ్ళ డాక్టరు దగ్గరికని కరీంనగర్ వచ్చి, నా షాపులో కూర్చున్నాడు.

"నా పేరు తీసెయ్ బేటా."

"పేరు తీసేస్తే మాకు గులాబీలెవలు పంపుతరు చాచా?"

ఆయన నవ్వలేదు.

"పోయిన శుక్రారం బెల్లంపల్లి పోయిన. వారం ముందే రాసిన, స్టేషన్ ముందట చాయ్ హోటల్ల కూసుంట, అందరు రాండ్రి, ఒక్కపారి మొకాలు సూసుకుందామని. పొద్దుగాల పోయి పొద్దుగూకెదాక కూసున్న. ఒక్క ల్యాంపు వాపస్ రాలేరా."

"జర ఫోన్ జేయకపోయినవా?"

"ఫోన్ జేస్తే మొహమాటానికొస్తరు. రాసిపెడితే రావాలనుకున్నోడే వస్తడు. గదే సూద్దామనుకున్న. సూసిన."

అప్పటికే నా వేలు సభ్యుల పట్టీ తెరిచింది. సైరన్ గుంపు. అందులో ఒకే ఒక్క పేరు.

"ఇంటికి పోదాం పా చాచా, బాపు ఇంట్లనే ఉన్నడు," అన్నాను.

"మీ బాపు గూడ సదివిండు గదరా. సదివే రాలే."

చదవలేదు చాచా, నేను చదవనియ్యలేదు. ఈ ఒక్క ముక్క చాలు. పొద్దంతా వాగుతూ బతికేవాడికి ఆ ఒక్క ముక్క దొరకలేదు. నవ్వులాటకు చేశానని చెప్పాలి కదా, ఆ మాటకు ఆ ముఖం ఏమవుతుందో చూడాలి కదా. ఆ భయమేనా? లేక తాళంచెవి పోతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన పేరు తీసేశాను. చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు ఆదిలాబాద్‌లో పోయాడు. కబురు ఆలస్యంగా తెలిసింది. బాపు గోడవైపు తిరిగి, "ఒక్క మాటన్న రాయలే నాకు. గంత కానోన్నయిన్నా?" అన్నాడు. బాపు రాలేదనుకుంటూ చాచా పోయాడు. చాచా రాయలేదనుకుంటూ బాపు మిగిలాడు. మధ్యలో నేను.

మనిషి పేరు తీసేసినా అతని రాతలు సైటులోంచి పోవు. అన్నీ ఉన్నాయి. గులాబీలతో సహా. ఇవాళ వాటిని సభ్యులందరికీ తెరిచాను. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేడు, ఉన్న మనిషికి ఇంకా తెలియదు. కానీ రాస్తుంటే గొంతులో ఉన్నది కదిలింది, కొద్దిగా.

బాపు చాయ్ గ్లాసు పట్టుకుని కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. రోజూ ఈ వేళకే సైటు తెరుస్తాడు. ఈసారి 'అందరికీ' అన్నచోట టిక్ పెడుతున్నాను.

బాపూ, దీని పైన చాచా అప్పుడు రాసింది తెచ్చి పెట్టాను. శుక్రవారం రమ్మని. నీ నంబరు పెట్టి మరీ పిలిచాడు. ముందు అది చదువు.