చేతులు వణకని చోటు

నా భార్య బురుల్కాన్‌కు మొదటి బహుమతి తెచ్చిపెట్టింది నేల మీది ఒక గుండ్రటి నల్లమచ్చ. ఎండాకాలమంతా కొండల మీది సోన్‌కుల్ సరస్సు ఒడ్డున మా గుడారం నిలిచిన చోటు అది. మందలతో మేమంతా ఊరికి దిగాక తనొక్కతే పైన ఉండిపోయేది. చుట్టూ గడ్డి మీద తొలిమంచు నిలిచి, ఆ మచ్చ మాత్రం నల్లగా మిగిలే ఉదయం కోసం మూడేళ్లు కాచుకుంది. నారిన్ పట్నంలో ఫొటోల ప్రదర్శన పెడితే, తను తీసిన ఆ ఫొటో ముందు జనం మూగారు. నేనూ చూశాను. ఆ గుడారం కట్టింది నేను. ఫొటోలో మాత్రం నేను లేను.

బురుల్కాన్ ముప్పై ఏళ్లు మా ఊరికి వైద్యం చేసింది. సగం ఊరు ఆమె చేతుల్లోనే పుట్టింది. ఏ వేళ తలుపు తట్టినా సంచీ పట్టుకుని పరుగెత్తేది. ఉద్యోగం మానేశాక కూడా ఎక్కడ తలుపు చప్పుడైనా చేతులు వణికేవి. టీ పోస్తే సగం బల్ల మీదే. నేనేం తక్కువ చేశాను? వేడినీటి బుగ్గలకు తీసుకెళ్లాను. పులిసిన గుర్రపుపాలు తాగించాను. చప్పుడు వినపడకుండా తలుపుకు మందపాటి ఉన్నిచాప కొట్టాను. వణుకు పోలేదు.

అప్పుడే మా అమ్మాయి జిల్దిజ్ తన పాత కెమెరా ఇచ్చింది. దాన్ని పట్టుకుని పైన వారం ఒంటరిగా ఉండి వచ్చి, ఆ పూట టీ పోసింది. చుక్క ఒలకలేదు.

"పైన ఏముందే?" అన్నాను.

"తలుపు లేదు" అంది.

గుర్రాల మీద మేకకళేబరం కోసం పెనుగులాడే ఆటలో మూడు జిల్లాల వాళ్లను మట్టి కరిపించినవాణ్ణి నేను. తోడేలును కొరడాతో కొట్టి చంపినవాణ్ణి. అలాంటి నేను నలభై ఏళ్లలో ఇవ్వలేనిది ఒక నీటిగుంట వారంలో ఇచ్చింది! నా ఈడువాడు తుర్దాకున్ ఊరుకుంటాడా?

"ఒరేయ్, నీ ముసలిది కొండను కట్టుకుందట గదా! సవతి పోరు విన్నాం గానీ మొగుడికే పోరేంట్రా?"

ఆ మాట పడలేకపోయాను. పోయిన ఏడాది, తను పైన ఉండగా, గుర్రం ఎక్కి ఒకటే దౌడు. మాలో గుడారం దగ్గరకు వచ్చేవాడు దూరం నుంచే గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తాడు. దౌడు తీస్తూ వచ్చాడంటే చావుకబురు తెచ్చినట్టే. అసూయలో అది నాకు తట్టలేదు.

నన్ను చూడగానే కెమెరా వదిలేసి, చావింట్లో మా ఆడవాళ్లు ఏడ్చినట్టు చేతులు నడుముకు ఆన్చి శోకం అందుకుంది.

"అయ్యో, ఎవరయ్యా? జిల్దిజేనా? చెప్పవయ్యా!"

"ఎవరూ పోలేదే. నేనొచ్చాను, అంతే."

"నువ్వా? ఊరికేనా?"

"చూసిపోదామని."

"ముసలాయనా, చూసిపోవడానికి ఇలాగేనా వచ్చేది?" అంటూ కూలబడిపోయింది. చేతులు అప్పుడే వణకడం మొదలుపెట్టాయి. అదే రోజు నాతో దిగివచ్చింది. చలికాలమంతా గిన్నె పట్టుకోలేకపోయింది. కెమెరా పెట్టెలోకి పోయింది. అడిగితే, "పైన కూడా తలుపు పెట్టావుగా" అంది.

ఈ ఏడు మందలు దిగాక కెమెరా నేనే తీసి జీనుసంచిలో పెట్టాను. తనను గుర్రం ఎక్కించి, కళ్లెం పట్టుకుని సరస్సు దాకా నడిచాను. చిన్న గుడారం వేసి, పిండి, టీ, ఎండు పిడకలు సర్దాను.

"నా ఫొటో ఒక్కటి తియ్యవే."

"నువ్వు కదులుతావు. కొండ కదలదు."

"అదొక్కటేనా కొండ గొప్ప?"

"మాట్లాడదు కూడా" అని నవ్వింది.

తిరిగి వస్తూ ఆ కొండను ఎన్ని తిట్లు తిట్టానో! నిన్న తుర్దాకున్ మళ్లీ గుచ్చాడు: "మంచు పడేట్టుందిరా, వెళ్లి తెచ్చుకోవా?"

వెళ్లను. గుర్రం తన దగ్గరే ఉంది, దారి తెలిసిందే. సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన తనే దిగి వస్తానంది.