దాలమ్మ తలుపు మీద కారిన రంగు

నౌపడలో ఇళ్ళకు రంగులేసే ఆదాము, ముప్పై ఏళ్ళలో ఎవరిచేతా పని బాగాలేదని పిలిపించుకోలేదు. ఈసారి పిలుపొచ్చింది. తనకి అక్క వరసైన, చేపలమ్ముకునే దాలమ్మ వీధి తలుపుకి తను వేసిన నీలం రంగు కిందికి కారి, బొట్లుబొట్లుగా గడ్డకట్టింది. భుజం లాగేస్తున్నా, బ్లేడూ ఉప్పుకాగితమూ సంచిలో వేసుకుని బయల్దేరాడు.

"ఏటిరా ఆదామూ, నా తలుపు ఏడిసినట్టున్నాదేటి?" గుమ్మంలోనే అందుకుంది దాలమ్మ.

"మంచు పడతంది కదప్పా. రంగు ఆరనేదు."

అసలు సంగతి మంచు కాదు. చూపు తగ్గింది. రంగు పట్టిందో లేదో తెలియక, పూసినచోటే మళ్ళీ పూశాడు. ఆ బరువుకే జారింది. ఇది సంఘపెద్దల చెవిన పడితే, ఏటా క్రిస్మస్‌కి తను రంగేసే చర్చి తలుపులు ఊళ్ళో కొత్త పెయింటరు గిరిబాబు చేతికి పోతాయి.

బొట్లను వేళ్ళతో తడుముకుంటూ, బాగా ఆరినవాటిని బ్లేడుతో పల్చగా చెక్కి, ఉప్పుకాగితంతో రుద్దాడు. ఒకచోట వేలికి రంగంటుకుంది.

"దీన్నెవరో గిల్లీసినారప్పా. పైన తోలు కట్టినా లోపల పచ్చే. ఆరేదాకా ముట్టకూడదు."

"నేనే. లోపలేటున్నాదోనని," అంది దాలమ్మ, సిగ్గేం లేకుండా. "అది సరేగాని, సూడకుండా తడుముతున్నావేటిరా? సేప పొలుసు నేనంటే సీకట్లో తడిమి తీస్తాను. పట్టపగలు నీకేటొచ్చింది?"

వాదించే ఓపిక లేక ఆదాము గడప మీద కూలబడ్డాడు. "కంటి నరం పోనాదటప్పా. ఆపరేసను కూడా పనిసెయ్యదన్నారు."

దాలమ్మ ఫోను లైటు వెలిగించి తలుపు పక్కనుంచి ఏటవాలుగా పట్టింది. ప్రతి చారా నీడతో లేచి కనిపించింది, ఆమెకి.

"ఆ మూల ఒకటున్నాది. ఇంకా కిందకి. ఆఁ, అక్కడే."

ఆమె చెబుతుంటే అతను చెక్కాడు. పచ్చిబొట్టు ఒక్కటే వదిలేసి, సంచి సర్దుకున్నాడు.

"మరి సర్చి తలుపులో?" ఉండబట్టలేక అడిగేసింది.

"గిరిబాబుకిచ్చీమని పెద్దలకి నేనే సెప్పీస్తాను. రంగు ఆడు ఎయ్యాల. ఆరినాక తడిమి సూసేది నేనే." మెట్టు దిగి ఆగాడు. "వారం పోయాక వస్తానప్పా. ఆ బొట్టు గిల్లకు."

దాలమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది.