ఆ మట్టికి కిరాయి

ఒకే పింఛనుకు రెండు దేశాల్లో పన్ను కట్టే మనిషిని ఏమనాలి? అమాయకురాలనా, మొండిమనిషనా? ఏళ్లుగా నాలో ఉన్న ప్రశ్న ఇది. మొన్న పొద్దున్నే కోదాడ నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, సూర్యాపేట పెద్దమ్మ పోయిందే" అన్నప్పుడు ఏడుపు కంటే ముందు అదే గుర్తొచ్చింది.

మా అమ్మకు అక్క. ఇంగ్లండులో నర్సుగా చేసి, పెదనాయన పోయాక 2001లో సూర్యాపేటకు వచ్చేసింది. మే నెల ఎండలో కూడా కాళ్లకు సాక్సులు ఉండాల్సిందే. "గాడి చలి ఎముకలల్ల దూరింది బిడ్డా, ఇగ పోదు" అనేది.

ఎం.కాం. చదివి నేను ఇంట్లో ఊరికే కూర్చున్న రోజులవి. నా చదువు నాకే గుర్తులేదు. పన్ను లెక్కలు చూపే జూలై రాగానే ఆమె కాగితాల సంచి నా ఒళ్లో పెట్టేది. "సదువుకున్న పిల్ల ఇంట్లనే ఉండంగ బయటోళ్లను అడుగుడేంది?" ఇద్దరం బస్సెక్కి మిర్యాలగూడ ఆడిటరు దగ్గరికి పోయేవాళ్లం. మొదటిసారి ఆయన నవ్వాడు.

"అమ్మా, గాడ పన్ను ఎట్లాగు కోస్తనే ఉన్నరు. గీడ సూపియ్యకుంటే ఎవరడుగుతరు?"

"అడగకుంటే ఉన్నది లేకుండ అయితదా సారూ? నేనొచ్చింది గీ రోడ్డు మీదనే కద."

"గా గుంతల రోడ్డుకా పన్ను!"

"పూడుస్తరేమోనని కడుత."

తరువాత నేనే కూర్చుని రెండు దేశాల ఒప్పందం చదివాను. ఆమె పింఛనుకు ఇక్కడ కడితే చాలు. ఇక్కడే నివాసమని రాసి, ధ్రువపత్రం పంపితే అక్కడి కోత ఆగుతుంది, కోసినదాంట్లో కొంత తిరిగొస్తుంది. అప్పటికే ఖర్చుకు జంకి మోకాళ్ల ఆపరేషన్ వాయిదా వేస్తోంది. ఇక చేయించుకోవచ్చని సంబరపడుతూ దరఖాస్తు ముందు పెట్టాను. చదివి, కళ్లద్దాలు తీసేసింది.

"నేను గాడి మనిషిని కానని నా చేత్తోనే రాసియ్యాల్నా?"

"నిజమే కద పెద్దమ్మా. ఈడనే ఉంటున్నవు."

"నేను ఈడున్న. పిల్ల గాడున్నది."

ఆమెకొక బిడ్డ పుట్టిందని అప్పుడే తెలిసింది నాకు. నెలల పిల్లగా ఉండగానే పోయిందట. పసివాళ్లను మనవాళ్లు కాల్చరు. అక్కడి శ్మశానంలోనే మట్టి చేశారు.

"గా మట్టికి కిరాయి అనుకో."

"ఆ పన్నుకూ శ్మశానానికీ సంబంధం లేదే..."

"నాకు తెల్వదా? నువ్వు సెప్పాల్నా? కట్టనియ్యి బిడ్డా."

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె మాత్రం, విదేశాల పింఛనుతో ఈ చుట్టుపక్కల బతుకుతున్న తన వయసువాళ్లందరినీ "మా పిల్లను అడుగుండ్రి" అని నా దగ్గరికి పంపింది. ఇవాళ నా పని, నా సంపాదన అలా మొదలైనవే. ఎవరూ అడగకపోయినా చూపించండని వాళ్లకు చెబుతుంటే నా గొంతులో ఆమె వినిపిస్తుంది.

పోయిన జూలైలో మిర్యాలగూడ బస్టాండులో, ఆపరేషన్ చేయించుకోని ఆ మోకాళ్లతో, నా భుజం పట్టుకుని పక్కవాటుగా బస్సు దిగింది. ఒక సాక్సు మడమ దాకా జారి ఉంది. మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆ బరువు ఇంకా నా భుజం మీదే ఉంది. నేను పట్టుబట్టి ఆ దరఖాస్తు మీద సంతకం చేయించి ఉంటే ఆమెకు మేలు జరిగేదో, అన్యాయం జరిగేదో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.