బూట్లు విప్పి కొలిచిన ఎత్తు

ప్లేనోలో ఎండాకాలం మధ్యాహ్నం కృత్రిమ గడ్డి మైదానం పక్కన కారు దిగితే, వేడెక్కిన రబ్బరు వాసన ముక్కుకి తగులుతుంది. గడ్డి మధ్య పోసే నల్లటి రబ్బరు పలుకుల వాసన అది. మొన్న శనివారం మా ఆఫీసువాళ్లు సరదాగా ఆడుకునే ఆటకి వెళ్లి, ఆ వాసన తగలగానే కారు తలుపు వేయడం మరిచి నిలబడిపోయాను. రామ్మూర్తి అంకుల్ గుర్తొచ్చారు. నా బూట్లలోంచి రాలిన ఆ పలుకులు ఆయన కారులో నాలుగేళ్లపాటు ఉన్నాయి.

మిషిగన్‌లో, నోవైలో, మా పక్కిల్లు ఆయనది. కార్ల బ్రేకులు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. అంటే రోజంతా లోపాలు వెతకడమే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం ఆయన ఒంటిమీద నుంచి దిగేది కాదు. అమ్మ నర్సు, శనివారాలు డ్యూటీ. నాన్నది ఊళ్లు తిరిగే పని. నన్ను సాకర్ ఆటలకి ఎవరు తీసుకెళ్లాలన్న చర్చ వచ్చినప్పుడు ఆయన భార్య లలితాంటీయే ఆయన్ని మాకు అప్పగించింది. "శనివారం ఇంట్లో ఉంటే నా వంటకి పరీక్షలు పెడతారు. తీసుకుపోండమ్మా, పుణ్యముంటుంది" అంది.

అంకుల్‌కి క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. మొదటిరోజు ఆట అయ్యాక, "అందరూ పరిగెడుతుంటే నువ్వొక్కదానివే నిలబడ్డావేమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

"నేను గోల్‌కీపర్ని అంకుల్."

"అంటే లైన్ చివర నిలబడి, రాకూడనిది లోపలికి రాకుండా చూడటం. అది నా జాబేనమ్మా!" అన్నారు. ఆ తరువాతి శనివారం నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చేవారు. నేను ఆపిన బంతుల జోలికి పోయేవారు కాదు. నేను వదిలేసిన ప్రతి గోల్‌కీ కారణం మాత్రం రాసుకునేవారు.

పదకొండో తరగతిలో మా జట్టు అమ్మాయిలందరూ ప్లేయర్ ప్రొఫైళ్లు తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. ఎత్తు, మార్కులు, ఆడిన జట్లు, ఒక వీడియో, అన్నీ ఒక పేజీలో పెట్టి కాలేజీ కోచ్‌లకి పంపాలి. అది లేకపోతే మనమొకళ్లం ఉన్నామని కూడా వాళ్లకి తెలియదు. నాకు కాలేజీలో ఆడాలని ప్రాణం కొట్టుకుపోయేది. మూడు రోజులు కూర్చుని రాశాను. సాటిలేని పట్టుదల, పుట్టుకతో వచ్చిన నాయకత్వం, చెదరని నిబ్బరం. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. అచ్చుతప్పులు చూసిపెట్టమని అంకుల్‌కిచ్చాను.

"సాటిలేని పట్టుదల ఎన్ని అంగుళాలుంటుందమ్మా?" అన్నారు.

"అది మెజర్ చేసేది కాదంకుల్."

"సరే, చేయగలిగేదే చేద్దాం. బూట్లు విప్పు."

గరాజ్ గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద పుస్తకం పెట్టి, గీత గీసి, టేపు పట్టారు. ఐదడుగుల ఐదున్నర. రెండోసారి కొలిచారు. నేను గాలి బాగా పీల్చి నిలబడ్డాను. అంతే వచ్చింది.

"ఈ ఒకటిన్నర అంగుళం ఎక్కడిది?"

"అందరూ యాడ్ చేస్తారంకుల్! పొట్టి గోల్‌కీపర్ని ఎవరూ తీసుకోరు."

"కోచ్‌ల దగ్గర టేపు ఉండదా?"

నాకు ఒళ్లు మండింది. కాగితం లాక్కుని ఇంటికెళ్లి, నా ప్రొఫైల్ నేను పంపేశాను. వారం తిరగకుండా ఒక కోచ్ తమ క్యాంపుకి వచ్చి ఆడి చూపించమని రాశాడు. ఆ రోజు కూడా అమ్మకి డ్యూటీయే. నాలుగు గంటలు కారు నడిపి నన్ను తీసుకెళ్లింది అంకులే. దారిలో ఎత్తు మాట ఎత్తలేదు. నేను బూట్లలో రెండేసి అట్టలు పెట్టుకున్నాను.

కోచ్ చేతిలో కాగితం చూసి, నన్ను చూసి, నా వెనక్కి చూశాడు. "శ్రావ్య ఏది? నువ్వు చెల్లెలివా?" అన్నాడు. అంకుల్‌కి హఠాత్తుగా దగ్గు వచ్చింది. ఆ పూటంతా పొడుగ్గా కనిపించాలని గోల్ ముందు మునివేళ్ల మీద నిలబడ్డాను. అలా నిలబడిన మనిషి కిందికి వంగలేదు. నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చిన బంతి నా కాళ్ల మధ్యనుంచి లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో సగం దారి వచ్చాక, "మునివేళ్ల మీద నిలబడి కాపలా కాయడం నేనెక్కడా చూడలేదమ్మా" అన్నారు. నాకు ఏడుపు రావలసింది, నవ్వు వచ్చింది. నవ్వుతుంటే ఏడుపూ వచ్చింది. ఆయన టిష్యూ డబ్బా నా ఒళ్లో పెట్టి, దారి చూసుకున్నారు.

మర్నాడు వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుని మళ్లీ రాశాం. అసలు ఎత్తు వేశాం. 'బూట్లు లేకుండా' అని ఆయన పక్కన చేర్పించారు. పట్టుదల, నిబ్బరం కొట్టేశారు. వీడియోలో మొదటి ముక్కగా నేను వదిలేసిన గోల్ పెట్టమన్నారు.

"అంకుల్! ఎవరైనా అలా చేస్తారా?"

"మా ఫ్యాక్టరీలో, డిఫెక్టే లేదని చెప్పే సప్లయర్ని ముందు అనుమానిస్తాం. పోయిన గోల్ చూపించు. ఆ తర్వాత నువ్వేం చేశావో కూడా చూపించు."

నోటుపుస్తకం తిరగేసి ఏ ఆటో ఆయనే చెప్పారు. అందులో బంతి నా చేతుల్లోంచి జారిపోతుంది. నేను లేచి, డిఫెండర్‌ని కేకేసి జరిపి, కాసేపటికి అదే మూలకి వచ్చిన బంతిని దూకి ఆపుతాను. పంపిన తరువాత గానీ శబ్దం తీసేయడం మరిచిపోయానని తెలియలేదు. వీడియో పొడుగునా అంకుల్ గొంతే. "రెండు చేతులూ! అమ్మాయ్, రెండు చేతులూ!"

ఎన్నో వారాలు ఉలుకూ పలుకూ లేదు. మా జట్టులో ఒక్కొక్కరికీ కబురొస్తుంటే నేను ఫోన్ బోర్లించి పెట్టేదాన్ని. ఒక సాయంత్రం ఒహాయోలోని ఒక చిన్న కాలేజీ కోచ్ ఫోన్ చేసింది. "అందరూ నాకు ఆపినవే పంపుతారు. గోల్ పోయాక మనిషి ఏమవుతుందో నువ్వే చూపించావు. పొట్టివే, కానీ నువ్వు సరైన క్షణంలో కదలడం నాకు నచ్చింది" అంది. తరువాత గొంతు తగ్గించి, "ఆ అరిచేదెవరు? ఏమంటున్నారాయన?" అని అడిగింది. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. "ఆయన చెప్పింది కరెక్టే" అంది.

మొదటి ఏడాదంతా బెంచీమీదే కూర్చున్నాను. రెండో ఏడాది మొదటిసారి ఆడించినప్పుడు అంకుల్, లలితాంటీ నోవై నుంచి వచ్చారు. రెండు గోల్స్ వదిలాను. ఓడిపోయాం. తలవంచుకుని వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

"మొదటిదానికి ఆలస్యంగా వచ్చావు. రెండోదానికి తొందరపడ్డావు."

"అంటే రెండూ నా తప్పులే."

"నీవే. కానీ వేరువేరు తప్పులు" అని పుస్తకం మూసి, నా భుజం తట్టారు. "ఒకే లోపం రెండుసార్లు రాలేదు. పాస్."

ఆయన పోయి రెండేళ్లయింది. నేనిప్పుడు ప్లేనోలో సాఫ్ట్‌వేర్ రాస్తాను. నేను రాసింది చెడిపోయి, మీటింగులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నప్పుడు, అది నేను చేసిన పొరపాటని ముందు నేనే చెప్పేస్తాను. మా మేనేజర్‌కి ఇప్పటికీ అది వింతే. కొత్త తప్పు చేసిన రోజు భోజనం బాగానే సహిస్తుంది. పాతదే మళ్లీ చేసిన రోజు మాత్రం, ఎవరూ అడగకపోయినా, అంకుల్‌కి సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చుంటాను.